జిలానీ మామ సముద్రం

పోయిన వారం మిమ్మల్ని మా వాకిట్లో నిలబెట్టి వెళ్ళిపోయాను. హమ్దా కూడా అక్కడే ఉన్నాడు, నడుం దాకా తడిసి, పడవ గడ ఇంకా చేతిలోనే పట్టుకుని. తెల్లారేసరికి కమ్మిన పొగమంచులో ఒక యుద్ధ విమానం, నీళ్ళ మీద వాలి నీళ్ళ మీంచే లేచే రకం, మా మామగారు హాజ్ జిలానీ చేపల కంచెలో కూలింది. పక్క కంచె హమ్దాది కాబట్టి అందరికంటే ముందు చేరింది అతనే. విరిగిన రెక్క పట్టుకుని వేలాడుతున్న నలుగురు మనుషుల్ని కళ్ళారా చూశాడు. చూసి, పడవ వెనక్కి తిప్పుకుని మా ఇంటికొచ్చాడు. ఎందుకయ్యా అంటే, లోపలికి వెళ్ళడానికి మామయ్య మాట కావాలట.

మీరు నవ్వుకోవచ్చు. తిట్టుకోవచ్చు కూడా, ఆ పొద్దున నేనూ తిట్టాను. కానీ మా కెర్కెనా దీవుల్లో పుట్టినవాడెవడైనా అదే పని చేసేవాడు. మా పొలాలు సముద్రంలో ఉంటాయి. తాతలు పంచుకున్న గట్లు నీళ్ళ కింద ఉంటాయి. ఖర్జూరపు మట్టలు వరసగా నాటి కట్టుకున్న చర్ఫియాలోకి, ఆ కంచె గలవాడి మాట లేకుండా దిగడమంటే వాడి ఇంట్లో ఆడవాళ్ళుండే గదిలోకి తోసుకుపోవడమే. పైగా కిందటేడు మా కంచెలో చేపలు తగ్గాయని మామయ్య హమ్దాని మసీదు మెట్ల మీద పదిమందిలో దొంగ అన్నాడు. ఆ తర్వాత హమ్దా మా నీళ్ళ వైపు తల తిప్పి చూస్తే ఒట్టు.

మామయ్య ఆ పొద్దున సరే అనలేదు, కాదనలేదు. ఉన్ని అంగీ, మా బుర్నుసు, భుజాన వేసుకుని, "పద, చూద్దాం" అన్నాడు. చూడటానికి ఆయనకి కళ్ళు లేవు. పొరలు కమ్మి రెండేళ్ళయింది. ఆయన కొడుకు నూరీ ఉన్నన్నాళ్ళూ వాడే ఆయన కళ్ళు. నూరీ నా మొగుడు. ఆ చలికాలం మొదట్లో ఎండు ఆక్టోపస్ అమ్ముకొద్దామని దీవులకి ఎదురుగా ఉన్న స్ఫాక్స్ రేవుకి వెళ్ళి, బాంబులు పడ్డ రోజున అక్కడే ఉండిపోయాడు. అప్పటినుంచి మామయ్యకి కళ్ళు నావి. అందుకే ఆడదాన్నయినా పడవలో ముందు నేనే కూర్చున్నాను.

పొగమంచు ఇంకా విడలేదు. హమ్దా వెనక నిలబడి గడ వేస్తున్నాడు. మా వరస మట్టలు మసకమసగ్గా కనపడేసరికి గడ నేలకి గుచ్చి పడవ ఆపేశాడు. కంచెకి మూరెడు దూరంలో, అంతకు మించి ముందుకు రాకుండా.

రెక్క కనపడింది. పిలిస్తే పలికేంత దూరంలో, కంచె లోపల, చేపలు చిక్కే గది మీద ఏటవాలుగా పడి ఉంది. విమానంలో మిగతా భాగం ఏమైందో తెలియలేదు. నీళ్ళ మీద నూనె తేలుతోంది, వాసన ముక్కు పుటాలు మండిస్తోంది.

"హమ్దా అన్నా, నువ్వు చూసినప్పుడు నలుగురున్నారన్నావు కదూ?"

"నలుగురే."

"ఇప్పుడు ముగ్గురే ఉన్నారు."

అతను ఒంగి నా భుజం మీదుగా చూశాడు. చాలాసేపు చూశాడు, ఆ నాలుగోవాడు ఏ మట్ట వెనకైనా కనపడతాడేమోనని.

"అడక్కుండా దిగితే దొంగని" అన్నాడు చివరికి. "అడిగొచ్చేసరికి హంతకుణ్ణయ్యాను. మూడోదారి మీ మామ నాకు మిగల్చలేదు."

"నా పేరెత్తకు" అన్నాడు మామయ్య. "నేనింకా నోరే తెరవలేదు."

"తెరవమనే కదా హాజ్, పొద్దుట్నుంచీ నీ కాళ్ళ దగ్గర పడున్నాను."

"తొందరపడకు. అమ్మాయీ, చెప్పు. ఏం కనపడుతోంది?"

చెప్పాను. ఒకడు రెక్క మీద బోర్లా పడి ఉన్నాడు, ఎర్రజుట్టు, కదలడం లేదు. ఇంకొకడు నీళ్ళలో వెల్లకిలా తేలుతున్నాడు, వాడి ఒక కాలు ఉండాల్సిన వైపు లేదు. మూడోవాడు మెడ లోతు నీళ్ళలో నిలబడి, ఆ కాలు విరిగినవాడి తల తన భుజం మీద పెట్టుకుని మోస్తున్నాడు. ఒక భుజం నొప్పెడితే రెండో భుజానికి మార్చుకుంటున్నాడు. పడవను చూసి కూడా చెయ్యి ఊపలేదు. ఊపడానికి వాడికి ఖాళీ చెయ్యి లేదు.

"నీళ్ళు?"

"పోటు మొదలైంది మామయ్యా. మట్టల మీద తడి గుర్తు మునిగిపోయింది."

అది ఆయనకి చెప్పక్కర్లేదు. పడవ అడుగున కాళ్ళకే తెలుస్తుంది ఆయనకి. మెడ లోతున నిలబడ్డవాడికి ఇంకాసేపట్లో నేల అందదు. కంచె చుట్టూ తిరిగి నోటివైపు నుంచి వెళ్ళాలంటే లోతు కాలవలోంచి పోవాలి. అంత దూరం పోయేసరికి పోటు నిండుతుంది, ఆ కాలవలోనే రమ్లా ఠాణాలో దిగిన ఇటలీ సైనికుల లాంచీ తిరుగుతుంది. ఇటు నుంచి అయితే అడ్డున్నది ఒక్క కంచె వరస. దాన్ని తెరిస్తే పడవ లోపలికి పోతుంది.

"రెక్క మీద గుర్తేమిటి?" అన్నాడు మామయ్య.

గుర్తు కనపడుతూనే ఉంది. నడుమ ఎర్రటి చుక్క, దాని చుట్టూ తెల్లటి చుట్టు, దాని చుట్టూ నీలం. స్ఫాక్స్ నుంచి నూరీని తెరచాపలో చుట్టి తెచ్చినవాళ్ళు ఆ గుర్తు నాకు వేలితో ఇసకలో గీసి చూపించారు. రేవు మీద అంత కిందుగా ఎగిరాయట ఆ విమానాలు. ఇంగ్లీషువాళ్ళవి.

"గుర్తు నీళ్ళలో ఉంది" అన్నాను. "కనపడ్డం లేదు."

హమ్దా దగ్గాడు. అతనికి కళ్ళు బాగానే ఉన్నాయి.

మామయ్య తల నా వైపు తిప్పాడు. ఆ తెల్లటి కళ్ళతో నన్ను చూడలేడని తెలిసీ నేను తల దించుకున్నాను.

"బేయా, నీకు వంట రాదు. ఉప్పెక్కువ వేస్తావు. అబద్ధం కూడా అలాగే చెప్తావు."

"మామయ్యా..."

"పొద్దున ఆ మోత నా నెత్తి మీంచే పోయింది. ఇటలీవాళ్ళ విమానం దగ్గుతూ పోతుంది. జర్మనీవాడిది పళ్ళు కొరుకుతుంది. ఇది గురక పెట్టింది. ఎవరిదో తెలిసే పడవెక్కాను. నువ్వేం చెప్తావో విందామని అడిగాను."

"మరి విన్నారుగా."

"విన్నాను. నీ మొగుణ్ణి చంపినవాళ్ళ కోసం నాకు అబద్ధం చెప్పావు."

అప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన ముందు అప్పటిదాకా గొంతు పెంచింది లేదు. ఆ రోజు పెంచాను. "అవును, చెప్పాను. వాళ్ళు చావాలనే ఉంది నాకు. నూరీని కడగడానికి కూడా మీరు నన్ను రానివ్వలేదు, మొహం లేదని. ఆ మొహం పోగొట్టినవాళ్ళందరూ సముద్రం అడుక్కి పోవాలని రోజూ నమాజులో అడుగుతున్నాను. ఆ నీళ్ళలో ఉన్నవాడు భుజం మార్చుకుంటూ ఉంటే మాత్రం చూడలేకపోతున్నాను. మీకు కనపడదు కాబట్టి మీరు కూర్చోగలుగుతున్నారు. నాకు కనపడుతోంది. నన్నేం చెయ్యమంటారు?"

హమ్దా గడ మీద బరువు మార్చుకున్నాడు. పడవ ఊగింది.

"హాజ్" అన్నాడు మెల్లగా, "నన్ను దొంగన్నావు. పడతాను. మళ్ళీ శుక్రవారం ఇంకోసారి అను, అప్పుడూ పడతాను. కంచె తెరవనియ్యి. మట్టలు నేను మళ్ళీ నాటిస్తాను, మా మనుషుల్ని పెట్టి, నీకు చెమట పట్టకుండా."

మామయ్య పడవ అంచు తడుముకుంటూ ముందుకొచ్చి, నా పక్కనుంచి చెయ్యి చాచి, కంచె మట్టని పట్టుకున్నాడు. మట్టకీ మట్టకీ మధ్య కట్టిన ఈనెల తాడుని వేళ్ళతో వెతికాడు. ముడి దొరికింది. ఆ ముడి మీద బొటనవేలు పెట్టి అలాగే ఉండిపోయాడు.

"మట్టల సంగతి కాదురా" అన్నాడు. ఆయన గొంతు నేను ఎప్పుడూ వినని గొంతు. "ఎవడు పడితే ఏం. ఇంగ్లీషువాడైతే ఏం, సైతాను ఇబ్లీసే పడితే ఏం. ఇంకే వరసైనా అయితే నా మాట కోసం నువ్వు ఇంతసేపు ఆగాల్సి వచ్చేది కాదు. ఈ వరస వాడు నాటాడు."

నేను ఆయన చేతి కింద ముడిని చూశాను. నూరీ ముడి. ఎడంచేతివాటంవాడు కదా, అందరికీ కుడివైపు తిరిగే చుట్టు వాడికి ఎడంవైపు తిరిగేది. ఊరంతా ఆ ముడిని వెక్కిరించేది. శరదృతువులో ఆఖరు వారం, చలి నీళ్ళలో నిలబడి తండ్రీకొడుకులు ఈ వరస నాటారు. ఇంటికొచ్చి కాళ్ళు కాచుకుంటూ, "ఈ ఏడు కంచె చూడు, గాలిక్కూడా కదలదు" అన్నాడు నాతో. వాడు చేసిన పనుల్లో ఇంకా నిలబడి ఉన్నది ఇదొక్కటే. మామయ్య రోజూ ఆటు వేళకి పడవేయించుకుని ఇక్కడికెందుకు వస్తున్నాడో, చేపలు తీయకుండా కంచె తడుముకుంటూ ఎందుకు తిరుగుతున్నాడో ఆ క్షణాన గాని నాకు అర్థం కాలేదు. పిచ్చిదాన్ని, వయసు మీద పడి చాదస్తమనుకున్నాను.

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పడవలోంచి దిగాను. నీళ్ళు గుండెల దాకా వచ్చాయి. చలికి ఊపిరి ఆడలేదు. మా ఊళ్ళో ఆడవాళ్ళం మోకాలి లోతులో ఆక్టోపస్‌లు పట్టుకునేవాళ్ళమే గాని, ఆ కాలంలో గుండె లోతుకి దిగినవాళ్ళం కాదు.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు మామయ్య.

"వాడు మీకు కొడుకైతే నాకు మొగుడు. వాడి పని మీదెంతో నాదీ అంత. ముందు నేను పీకుతాను. మీకు కోపం వస్తే ఇంటికెళ్ళాక తిట్టండి."

రెండు చేతులతో మట్టని పట్టుకుని ఊపాను. కదల్లేదు. వాడు నిజమే చెప్పాడు. బురదలోకి లోతుగా దిగ్గొట్టి ఉంది. ఇంకోసారి ఊపాను. పక్కన ధబ్బున శబ్దమైంది. చూస్తే మామయ్య బుర్నుసుతో సహా నీళ్ళలోకి దిగిపోయాడు. నా చేతుల మీద చేతులు వేశాడు.

"అలా ఊపితే వారం పడుతుంది. తిప్పు. ఎడంవైపు తిప్పు. వాడు ఎడంవైపు తిప్పుతూ దింపుతాడు."

ఇద్దరం తిప్పాం. మట్ట లేచి వచ్చింది, దాని మొదట్లో నల్లటి బురద. మామయ్య దాన్ని విసిరెయ్యలేదు. పడవ మీద పెట్టాడు. రెండోదీ అలాగే.

హమ్దా మాత్రం పడవలోనే నిలబడి ఉన్నాడు. నడుముకి కత్తి ఉంది. తాళ్ళు కోస్తే చిటికెలో అయ్యే పని.

"చూస్తావేంరా" అన్నాడు మామయ్య పళ్ళు టకటకలాడుతుంటే.

"నువ్వింకా మాట ఇవ్వలేదు హాజ్."

"కంచె పీకుతున్నాను కనపడ్డం లేదూ? నోటితో కూడా చెప్పాలా?"

"చెప్పాలి."

ఎంత పంతం మనిషండీ. అటు మనుషులు పోతున్నారు, ఇటు ఈయనకి మాట కావాలి. కానీ మసీదు మెట్ల మీద పడ్డ మాట నోటితోనే కదా పడింది. నోటితోనే తీయాలి. మామయ్య తల ఎత్తి, హమ్దా గొంతు వినపడిన వైపు మొహం పెట్టాడు.

"హమ్దా. రా. నా సముద్రంలోకి నేనే రమ్మంటున్నాను. నువ్వు దొంగవి కాదు. నాకప్పుడూ తెలుసు."

హమ్దా కత్తి తీశాడు. ఎడంచేతి ముడులు ఒకటొకటే తెగిపోయాయి. నేను అటు చూడలేదు.

మామయ్యా నేనూ మళ్ళీ ఎక్కి, పడవ లోపలికి వెళ్ళేసరికి నిలబడ్డవాడి గడ్డం మునిగింది. మునివేళ్ళ మీద నిలబడి ఆ కాలు విరిగినవాడి తలని ఇంకా పైకే పట్టి ఉంచాడు. ముందు వాణ్ణి తీసుకోమని కళ్ళతోనే చూపించాడు. హమ్దా, నేనూ కలిసి లాగాం. కాలు పడవ అంచుకి తగిలినప్పుడు వాడు పెట్టిన కేక ఎలాంటిదంటే, పడవలో మామయ్య చెవులు మూసుకున్నాడు. తొడ దగ్గర గుడ్డ చీరుకుపోయి, నెత్తురు ఇంకా కారుతోంది. నా ఎర్ర ఉన్ని దుప్పటి చించి బిగించి కట్టాను. కట్టింది కట్టినట్టే తడిసిపోయింది.

రెక్క మీదున్న ఎర్రజుట్టువాడు మనం అనుకున్నట్టు చచ్చిపోలేదు. హమ్దా భుజం తట్టగానే ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు, పడవని, మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

మూడోవాణ్ణి పడవ పక్కకి చేర్చాక వాడు అంచు పట్టుకుని, ఎక్కే ఓపిక లేక, తల ఆనించి ఏదో గొణిగాడు. హమ్దా ఆగిపోయాడు. కుర్రతనంలో సిసిలీవాళ్ళ స్పాంజి పడవల్లో పని చేశాడు, ఆ భాష అతనికి వచ్చు.

"ఏంటి?" అన్నాను.

"దేవుడి తల్లిని తలుచుకుంటున్నాడు. వీడు ఇంగ్లీషువాడు కాదమ్మా. ఇటలీవాడు."

పైకి లాగి కూర్చోబెట్టాం. హమ్దా అడుగుతుంటే వాడు ముక్కముక్కలుగా చెప్పాడు. పేరు డొనాటో. నిన్న సాయంత్రం వాడి విమానం సముద్రంలో పడిపోయిందట. రాత్రంతా గాలి తిత్తి పట్టుకుని తేలాడట. తెల్లారగట్ల ఈ ఇంగ్లీషువాళ్ళు నీళ్ళ మీద వాలి పైకి లాక్కున్నారట, తమవాడనుకుని. తమవాడు కాదని తెలిశాక కూడా కిందకి తోసెయ్యలేదట. వేడి టీ ఇచ్చారట. తిరిగి పోతుంటే పొగమంచులో దారి తప్పి, లోతు సముద్రమనుకుని మా లోతులేని నీళ్ళలో దిగబోయారు.

హమ్దా చెప్పిందంతా విని మామయ్య చివరికి ఒకటే అడిగాడు. "నీళ్ళలో నిలబడి మోసింది ఇటలీవాడు. మోయించుకున్నది ఇంగ్లీషువాడు. అంతేనా?"

"అంతే."

"మరి మన మీద బాంబులేసేవాళ్ళెవరు, వీళ్ళెవరూ కాకపోతే?"

నేను ఆ తొడ కట్టు మీద చెయ్యి అదిమి పట్టాను.

అప్పుడే వినపడింది. కాలవ వైపు నుంచి, మంచులోంచి, లాంచీ ఇంజను. పోటు ఎక్కింది కదా, ఇక మా నీళ్ళ మీదికి కూడా రాగలదు. కాస్త ఆగుతోంది, కాస్త కదులుతోంది. వెతుకుతోంది.

ఎర్రజుట్టువాడు కూడా విన్నాడు. వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆ తర్వాత రెండు చేతులూ జోడించినట్టు పెట్టి, నా వైపే చూశాడు, హమ్దా వైపు కాదు. చెప్పడానికి భాష అక్కర్లేదు. పిలవకండి అంటున్నాడు. పట్టుకుంటే ఖైదు.

డొనాటో తల అడ్డంగా ఊపాడు. కాలు విరిగినవాడి తొడ చూపించి హమ్దాతో గబగబా చెప్పాడు.

"లాంచీలో డాక్టరుంటాడట" అన్నాడు హమ్దా. "ఇప్పుడే చూడకపోతే వీడు ఒడ్డు చేరడంటున్నాడు. నాకూ అలాగే ఉంది అమ్మా. గడేసుకుంటూ నేను ఊరు చేరేసరికి..." మిగతాది మింగేశాడు.

"మనం పిలవకపోతే?"

"మంచు ఇలాగే ఉంటే మనల్ని దాటి పోతారు. ఇద్దర్నీ దాచుకోవచ్చు. ఒకణ్ణి బతికించి, ఒకణ్ణి పాతిపెట్టుకోవచ్చు."

మేమిద్దరం మామయ్య వైపు చూశాం. ఆయన సముద్రం, ఆయన మాట. ఆయన వడలిపోయిన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాటి కింద నూరీ మట్టలున్నాయి.

"నన్ను చూడకండి" అన్నాడు, చూస్తున్నామని ఎలా తెలిసిందో. "నా కొడుకు వరసని ముందు ముట్టుకున్నది అమ్మాయి. వాడి వాటా ఇప్పుడు దానిది. బేయా, చెప్పు. నువ్వేం అంటే అది."

ఇంత వయసొచ్చినా చెప్తున్నాను, ఆ పొద్దున నాకు ఆ గౌరవం అక్కర్లేకపోయింది. కాలు విరిగినవాడి మొహం చూశాను. పెదాలు నీలంగా తిరిగాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి గాని ఎవర్నీ చూడటం లేదు. నా దుప్పటి మీంచి నెత్తురు పడవ అడుగుకి చేరి, అక్కడున్న నీళ్ళలో కలుస్తోంది. నూరీ పక్కన ఆ రోజు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎవర్నైనా పిలిచారా అన్నది ఇవాళ్టికీ నాకు తెలియదు.

లేచి నిలబడ్డాను. చేతులు నోటికి అడ్డం పెట్టుకుని, మా ఆడవాళ్ళం గట్టు మీంచి పడవల్ని పిలిచే కూత ఒకటి ఉంది, అది కూశాను. ఊపిరున్నంత సేపు.

ఇంజను ఆగింది. మళ్ళీ మొదలైంది. ఈసారి మా వైపు.

నేను కూర్చునేసరికి ఎర్రజుట్టువాడు పడవలో లేడు. చప్పుడు కాకుండా జారిపోయాడు. రెక్క అంచు కింద ఒక్క క్షణం వాడి జుట్టు కనపడింది, ఆ పైన అదీ లేదు. రెక్క వంపు కింద మనిషి మొహం పట్టేంత గాలి ఉంటుంది. పోయేముందు నన్ను చూసిన చూపు మాత్రం నాతో ఉండిపోయింది. వాడి లెక్కలో నేను వాళ్ళని అమ్మేశాను.

"బేయా" అన్నాడు మామయ్య చాలా చిన్నగా, "వీడి కోసం పిలిచావా, నూరీ కోసం పిలిచావా?"

"తెలియదు మామయ్యా" అన్నాను. అది మాత్రం అబద్ధం కాదు.

లాంచీ మంచులోంచి బయటపడింది. మేం తెరిచిన సందు దగ్గర ఆగింది. నలుగురైదుగురు సైనికులు, ముందు టోపీ పెట్టుకున్న అధికారి ఒకడు. డొనాటోని చూడగానే వాళ్ళ మొహాలు విప్పారాయి, పేరు పెట్టి పిలిచారు, ఒకడు ఏడ్చేశాడు కూడా. డాక్టరు నిజంగానే ఉన్నాడు. కాలు విరిగినవాణ్ణి ఇంగ్లీషువాడని తెలిసీ మెత్తగానే ఎత్తించాడు, నా కట్టు విప్పకుండా దాని మీదే ఇంకో కట్టు బిగించాడు. నాకు ఊపిరి తిరిగింది.

అధికారి హమ్దాని అడిగాడు, ఎంతమంది దొరికారని. హమ్దా నోరు తెరిచేలోపు డొనాటోనే చెప్పాడు, రెండు వేళ్ళు ఎత్తి చూపిస్తూ. మిగతావాళ్ళు అని, చెయ్యి సముద్రం వైపు ఊపాడు. అధికారి తల పంకించి టోపీ తీశాడు. బతికించినందుకు మామయ్య భుజం కూడా తట్టాడు. ఇక పోతారనుకున్నాను. హమ్దా గడ అందుకున్నాడు.

అప్పుడు అధికారి కళ్ళు రెక్క మీద పడ్డాయి. ఎర్రచుక్క, తెల్లచుట్టు, నీలంచుట్టు, చెక్కుచెదరకుండా. మురిసిపోయాడు. తనవాళ్ళకేదో చెప్పాడు, వాళ్ళలో ఒకడు తాడు చుట్ట తీసుకుని నీళ్ళలోకి దిగాడు.

"ఏంటి, ఏమన్నాడు?" అన్నాను.

హమ్దా మొహంలో నెత్తురు చుక్క లేదు. "రెక్కని రేవుకి లాక్కెళ్తారట. జనానికి చూపించడానికి."

సైనికుడు తాడుని రెక్క ఇనుముకి చుట్టి ముడి వేశాడు. వాడి భుజానికి రెండు జానెల దూరంలో, రెక్క కింద నీళ్ళలో ఒకసారి చిన్నగా బుడగలు తేలాయి. వాడు చూడలేదు. లాంచీలోంచి డొనాటో చూశాడు. నన్ను చూశాడు. వాడు అరిస్తే వాడి అబద్ధం బయటపడుతుంది. మేం అరిస్తే ఎర్రజుట్టువాడు ఖైదీ. ఎవరం అరవకపోతే ఆ రెక్క, దాని తీగలు, చిక్కుపడ్డ మా మట్టలు, అన్నీ వాడి మీంచే పోతాయి.

ఇంజను రంకె వేసింది. తాడు నీళ్ళలోంచి పైకి లేచి బిగుసుకుంది. రెక్క మూలిగి, కదిలింది.

మొదటిసారి పిలిచింది నేను. హమ్దా, ఆ ఇటలీవాడు ఇప్పుడు నా నోటి వైపే చూస్తున్నారు, మామయ్య చెవి కూడా ఇటే ఉంది.